పద్యనాటకాన్ని ఫొటో తీయడం ఎలా? తిరుపతి, చిత్తూరు రంగస్థలాల కోసం కొన్ని సూచనలు

పద్యనాటకాన్ని ఫొటో తీయాలనుకునేవారు కెమెరాకంటే ముందు చెవిని సిద్ధం చేసుకోవాలి. నటుడు ఎప్పుడు అడుగు వేస్తాడో, ఎప్పుడు నిలబడతాడో, ఎప్పుడు కళ్ళు తెరిచి ప్రేక్షకుల వైపు చూస్తాడో పద్యమే ముందుగా చెబుతుంది. ఆ మాట వినగలిగినవారికి మామూలు కెమెరాతోనూ మంచి చిత్రాలు వస్తాయి. విననివారికి ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా నోరు తెరుచుకున్న ముఖాలూ, మైకు వెనుక దాగిన గడ్డాలూ మిగులుతాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల హాళ్ళలో ఆడే పద్యనాటకాలనూ, ఎండాకాలంలో ఊళ్ళలో భారత ఉత్సవాలప్పుడు ఆడే వీధి నాటకాలనూ దృష్టిలో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను. పెళ్ళిళ్ళ ఫొటోలు తీయడంలో అనుభవం ఉన్నవారు కూడా వీటిని మొదటి నుంచి చదవడం మేలు. ఫ్లాష్ కొట్టడం, మనుషులను ఆపి నిలబెట్టడం, వేదిక ఎక్కి తిరగడం వంటి పెళ్ళి మండపం అలవాట్లన్నిటినీ ఇక్కడ గుమ్మం బయటే వదిలిపెట్టి రావాలి.

ముందుగా అనుమతి

ఇద్దరి అనుమతి కావాలి. ఒకటి హాలు నిర్వాహకులది. తిరుపతిలో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం తిరుమల తిరుపతి దేవస్థానానికి చెందినవి కాబట్టి అక్కడి బాధ్యులను ముందురోజే కలిసి, కెమెరాతో వస్తున్నామనీ ఫ్లాష్ వాడబోమనీ చెప్పడం మంచిది. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రంలో ప్రదర్శన ఉంటే కార్యక్రమం ఏర్పాటు చేసిన సంస్థవారిని అడగండి. సినిమాల్లోకి వెళ్ళకముందు రంగస్థలం మీద పాడి పేరు తెచ్చుకున్న చిత్తూరు నాగయ్య పేరు మీద ఉన్న హాలు అది. పద్యనాటకాన్ని ఫొటో తీయడానికి అంతకంటే తగిన చోటు ఈ జిల్లాలో ఉండదని నా అభిప్రాయం.

రెండోది, అంతకంటే ముఖ్యమైనది, నాటక సమాజం వారి అనుమతి. సమాజం పెద్దను కలిసి ఫొటోలు ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ పెట్టబోతున్నారో, వారికి ఎప్పుడు ఇస్తారో చెప్పండి. మేకప్ గదిలోకి రావచ్చునా అని విడిగా అడగండి. స్త్రీ పాత్రధారులు వేషం వేసుకునే గది వైపు కెమెరాతో వెళ్ళకూడదు. వేషం పూర్తయ్యాక వారే బయటికి వచ్చి నిలబడితే అప్పుడు తీయండి. పరిషత్తు పోటీల్లో ఆడుతున్న నాటకమైతే న్యాయనిర్ణేతలు ఎక్కడ కూర్చుంటారో తెలుసుకుని, వారికీ వేదికకూ మధ్య ఎప్పుడూ అడ్డు రాకండి.

నాటకాన్ని ముందే తెలుసుకోండి

పాశ్చాత్య ఒపేరాను ఫొటో తీసేవారికి ఒక సౌకర్యం ఉంది. ప్రదర్శనకు ముందు పూర్తి వేషాలతో, పూర్తి దీపాలతో రిహార్సల్ జరుగుతుంది. వారు చాలావరకు పని అక్కడే పూర్తి చేసుకుంటారు. మన పద్యనాటకానికి ఆ వీలు అరుదుగా దొరుకుతుంది. కృష్ణ పాత్రధారి ఒక ఊరి నుంచి, దుర్యోధన పాత్రధారి మరో ఊరి నుంచి, హార్మోనిస్టు ఇంకో ఊరి నుంచి ఆ సాయంత్రానికే చేరుకుని నేరుగా వేషం కట్టుకోవడం మామూలు. వారికి రిహార్సల్ అక్కరలేదు, ఎందుకంటే పద్యాలన్నీ ఏళ్ళ తరబడి వారి నోట నానినవే. మీకు మాత్రం తయారీ కావాలి. ఆడబోయే నాటకం పద్యాలను ముందుగా ఒకటికి రెండుసార్లు వినండి. ఏ రంగం తరువాత ఏది వస్తుందో, ఈ రాత్రి పూర్తి నాటకం ఆడుతున్నారా లేక ఎంపిక చేసిన రంగాలేనా అన్నది అడిగి ఒక కాగితం మీద రాసుకోండి.

ఈ తయారీ ఎందుకు పనికివస్తుందో చెప్పడానికి రాయబారం నాటకంలోని పడక సీను చాలు. కృష్ణుడు పాన్పు మీద నిద్ర నటిస్తుంటాడు. దుర్యోధనుడు తల వైపు ఆసనం మీద కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ళ వైపు చేతులు కట్టుకుని నిలబడతాడు. కృష్ణుడు కళ్ళు తెరిచినప్పుడు ముందుగా చూసేది కాళ్ళ వైపు ఉన్న అర్జునుణ్ణే కాబట్టి ఆ రంగానికి ప్రాణమైన చూపు ఆ దిక్కుకే తిరుగుతుంది. అందువల్ల మేకప్ గదిలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పాన్పు తలాపు ప్రేక్షకులకు ఏ వైపు వచ్చేలా వేస్తారు? కుడివైపు అని చెబితే మీరు ఎడమవైపు సీట్లలో కూర్చోవాలి. అప్పుడు కృష్ణుడి చూపు మీ లెన్స్‌కు ఎదురుగా వస్తుంది, వెనుక దుర్యోధనుడి ముఖంలో మారే రంగు కూడా అదే చట్రంలో పడుతుంది. తలాపు వైపు కూర్చుంటే మీకు దక్కేది కిరీటం వెనుక భాగం. ప్రతి నాటకంలోనూ ఇటువంటి రంగాలు రెండో మూడో ఉంటాయి. వాటికి సంబంధించిన దిక్కులను ముందే తెలుసుకున్నవారు సగం పని పూర్తి చేసినట్టే.

సురభివారి నాటకమైతే తయారీ మరో రకంగా ఉంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచక వధతో మొదలుపెట్టిన ఆ కుటుంబ నాటకరంగం తెరలకూ, గాలిలో ఎగిరే పాత్రలకూ, మంటలకూ, వానకూ ప్రసిద్ధి. అటువంటి దృశ్యాలు రెప్పపాటులో అయిపోతాయి. అవి ఏ రంగంలో వస్తాయో అడిగి తెలుసుకుని, ఆ రంగం మొదలైనప్పటి నుంచి వెడల్పు లెన్స్‌తో సిద్ధంగా ఉండండి. పక్క తెరల దగ్గర నిలబడితే తీగలూ కప్పీలూ కనిపిస్తాయి. వాటిని తీయవద్దు, తీసినా ఎక్కడా పెట్టవద్దు. ఆ ఉపాయాలు వారి జీవనాధారం.

ఎక్కడ కూర్చోవాలి

మొదటి వరుస అతిథులకు వదిలేయాలి. అక్కడి నుంచి తీసిన చిత్రాలు ఎలాగూ బాగుండవు. వేదిక ఎత్తు వల్ల నటుడి పాదాలు తెగిపోతాయి, ముఖం కింది నుంచి కనిపించి గడ్డమూ ముక్కూ పెద్దవిగా వస్తాయి. కెమెరా నటుడి నడుముకూ ముఖానికీ మధ్య ఎత్తులో ఉండే వరుసను వెతుక్కోండి. సీట్లు మెట్లుగా ఉన్న హాలులో అది ఐదో వరుస నుంచి ఎనిమిదో వరుస మధ్య ఎక్కడో దొరుకుతుంది. నేల చదునుగా ఉన్న చోట ఇంకాస్త వెనక్కి వెళ్ళి, గోడ పక్కన నిలబడి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద తీయడం నయం.

మైకు సంగతి చాలామంది ఆలోచించరు. పద్యనాటకంలో వేదిక ముందంచున స్టాండు మైకులు పెట్టడమో, పైనుంచి వేలాడదీయడమో నేటికీ ఉంది. పద్యం ఎత్తుకునే ముందు నటుడు మైకు దగ్గరికి వస్తాడు. సరిగ్గా ఎదురుగా కూర్చుంటే పాడుతున్న నోటి మీద మైకు నల్లటి మచ్చగా పడుతుంది. రెండు మూడు సీట్లు పక్కకు జరిగితే చాలు, మైకు చెంప పక్కకు తప్పుకుంటుంది. నాటకం మొదలయ్యే ముందు మైకులు సరిచూసేవారు వేదిక మీద నిలబడి ‘హలో, హలో’ అంటున్నప్పుడే మీ సీటు నుంచి ఒకటి రెండు ఫొటోలు తీసి చూసుకోండి. మైకు వారి నోటిని కప్పేస్తుంటే ఆ రాత్రి చిత్రాలన్నీ అలాగే వస్తాయని గ్రహించి వెంటనే చోటు మార్చుకోండి. నడవ పక్క సీటు దొరికితే రంగం మారేటప్పుడు లేచి మరో వైపుకు వెళ్ళవచ్చు. రంగం నడుస్తున్నప్పుడు మాత్రం కదలకూడదు.

కెమెరా అమరికలు

ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి. అది నటుడి కళ్ళల్లో కొట్టి పద్యం మీది ధ్యాసను చెదరగొడుతుంది. దీపాలు కల్పించిన రాత్రినీ, సభనూ, శ్మశానాన్నీ చెరిపేసి వెనుక తెర ముడతలను చూపిస్తుంది. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర దీపాన్ని కూడా సెట్టింగుల్లో ఆపండి. కెమెరా వెనుక ఉండే స్క్రీను వెలుగును బాగా తగ్గించండి, తీసిన ప్రతి ఫొటోనూ వెంటనే చూసుకునే అలవాటు మానండి. మీ వెనుక కూర్చున్న పెద్దాయన డబ్బూ సమయమూ వెచ్చించి పద్యం వినడానికి వచ్చారు.

మాన్యువల్‌లో, అంటే అమరికలన్నీ మీరే పెట్టుకుని, తీయడమే మంచిదని నా గట్టి నమ్మకం. వెనుక నల్ల తెర ఉంటే వెలుగును కొలిచే ఆటోమేటిక్ మీటరు చీకటిని చూసి మోసపోయి ముఖాన్ని తెల్లగా మాడ్చేస్తుంది. అదే మీటరు తళతళలాడే కిరీటాన్ని చూస్తే ముఖాన్ని నల్లగా ముంచేస్తుంది. మొదటి పాత్ర వేదిక మీదికి వచ్చిన వెంటనే ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి) 3200, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్ 2.8, షట్టర్ 1/200 సెకనుతో ఒక ఫొటో తీసి, ముఖం మీది వెలుగు సరిగ్గా ఉందో లేదో చూసుకుని అక్కడి నుంచి సర్దుకోండి. నిలబడి పద్యం పాడే నటుడికి 1/125 సరిపోతుంది. గద పట్టి తిరిగే భీముడికీ, నృత్యానికీ 1/500 వరకు వెళ్ళాలి. కాటి సీను వంటి నీలి చీకట్లలో ఐఎస్ఓ 6400కు పెంచడానికి భయపడవద్దు. చిత్రంలో కొంత గరుకు కనిపించినా ఫర్వాలేదు, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. లెన్స్‌లోని స్థిరీకరణ మీ చేతి వణుకును ఆపుతుంది కానీ నటుడి కదలికను ఆపదన్నది గుర్తుంచుకోండి.

లెన్స్‌ల విషయంలో 70–200 మి.మీ. ఎఫ్ 2.8 ఉంటే ముఖాలకూ ఇద్దరు పాత్రధారుల చిత్రాలకూ చాలు. సభా దృశ్యాలకు 24–70 కావాలి. అంత పెట్టుబడి లేనివారు 85 మి.మీ. ఎఫ్ 1.8 ఒక్కటి పెట్టుకుని ముందు వరుసలకు దగ్గరగా పక్కన కూర్చున్నా మంచి చిత్రాలు తీయవచ్చు.

ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది కాబట్టి దాని మీద నేరుగా వెలిగే అనేక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, మన కంటికి ఆ మినుకు తెలియదు. శబ్దం రాకుండా ఉంటుందని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే ఫొటోలో అడ్డంగా చీకటి చారలు పడవచ్చు. నాటకానికి ముందు దీపాలు వెలిగించి చూసే సమయంలోనే పరీక్షించండి. చారలు కనిపిస్తే మెకానికల్ షట్టర్‌కు మారి 1/100 సెకను పెట్టండి. కెమెరాలో మినుకు తగ్గించే సదుపాయం ఉంటే దాన్ని వాడండి. మెకానికల్ షట్టర్ చప్పుడు చేస్తుంది కాబట్టి తబలా మోగుతున్నప్పుడూ, చప్పట్లు పడుతున్నప్పుడూ నొక్కాలి. వచనంలో నటుడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నప్పుడు చేయి దించేయండి.

రా ఫైళ్ళలోనే (కెమెరా కుదించని ముడి ఫైళ్ళు) తీయండి. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే దీపాల రంగుకు తగిన సవరణను, ఆటోలో వదిలితే ఒకే పద్యంలో తీసిన నాలుగు ఫొటోలు నాలుగు రంగుల్లో వస్తాయి. పాత హాలోజన్ దీపాలైతే 3200 కెల్విన్ దగ్గర, కలగలుపు దీపాలైతే 4000 దగ్గర స్థిరంగా ఉంచి తరువాత సవరించుకోండి.

ఫోనుతో తీసేవారు ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌నూ వెలుగునూ బిగించి, వెలుగును కొంచెం కిందికి లాగండి. జూమ్ చేయకుండా వెడల్పుగా తీసి తరువాత కత్తిరించుకోవడం మేలు.

పద్యం వింటూ నొక్కడం

హార్మోనియం శ్రుతి నిలిపిన క్షణంలోనే మీరు ఫోకస్ పెట్టుకోవాలి. నటుడు వచనం ముగించి, అరడుగు మైకు వైపు జరిగి, ఉత్తరీయాన్ని ఎడమ భుజం మీదికి సర్దుకుని, ఒక్కసారి హార్మోనిస్టు వైపు చూస్తాడు. ఆ చూపు తరువాత పద్యం వస్తుంది. ఆ పద్యం ఎటువంటిదో మొదటి పాదంలోనే గుర్తుపట్టగలిగితే మీకు ఎంత సమయం ఉందో తెలిసిపోతుంది. కందం చిన్నది, గబగబా అయిపోతుంది. అది అందుకున్నాడంటే లెన్స్ మార్చే ఆలోచన పెట్టుకోవద్దు. శార్దూలం, మత్తేభం ఎక్కువగా వీరరసానికి వస్తాయి. పాదం చివర చేయి లేవడం, మీసం మీదికి పోవడం, గద నేల మీద ఆనడం చూస్తారు. సీసం వచ్చిందంటే తీరిక దొరికినట్టే. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కో పాదంలో రెండు భాగాలు, వాటి తరువాత తేటగీతో ఆటవెలదో ఎత్తుగీతిగా వస్తుంది. సీసపాదాలు నడుస్తున్నంతసేపు నటుడు సాధారణంగా ఒక్కొక్క భావాన్నీ చేతితో చూపిస్తూ సాగుతాడు. ఆ సమయంలో వెడల్పు చిత్రం, నడుము వరకు చిత్రం, చేతి ముద్ర మీద దగ్గరి చిత్రం అన్నీ తీసుకోవచ్చు. ఎత్తుగీతి అందుకోగానే లెన్స్‌ను ముఖం మీదికి తెచ్చి అక్కడే ఉంచండి. పద్యం బరువంతా అక్కడికే వచ్చి దిగుతుంది.

ఇక రాగాలాపన. చివరి పాదం తరువాత నటుడు రాగం అందుకుని తీసుకుపోతున్నప్పుడు చాలామంది ఫొటోగ్రాఫర్లు వరసగా బటన్ నొక్కుతూ ఉంటారు, ఎందుకంటే అక్కడ చప్పట్లు పడతాయి. ఆ చిత్రాలను ఇంటికి తెచ్చి చూస్తే నోరు పూర్తిగా తెరుచుకుని, కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బి, పాత్ర పోయి పాడే మనిషి శ్రమ మాత్రమే కనిపిస్తుంది. ఆ శ్రమను చూపే ఒక చిత్రం ఉండవలసిందే, దానికి విలువ ఉంది. అసలైన చిత్రం మాత్రం ఆలాపన దిగుతున్నప్పుడు దొరుకుతుంది. గొంతు పై స్థాయి నుంచి మెట్టు మెట్టుగా కిందికి వస్తుంది, పెదవులు దగ్గరవుతాయి, తల కొద్దిగా నిలకడగా అవుతుంది, చివరి స్వరం మీద కళ్ళు తెరుచుకుంటాయి. ఆ కళ్ళు తెరుచుకున్న తరువాత చప్పట్లు మొదలయ్యే ముందు ఒక చిన్న విరామం ఉంటుంది. కృష్ణుడైతే చిరునవ్వు, దుర్యోధనుడైతే ధిక్కారం, హరిశ్చంద్రుడైతే నీరు నిండిన చూపు ఆ విరామంలో పూర్తిగా ఆయన ముఖంలో ఉంటుంది. రెండు మూడు ఫొటోలకంటే ఎక్కువ అక్కరలేదు. అవి ఆ క్షణంలో పడాలి, అంతే.

ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అన్నారంటే మీకు మరో అవకాశం దొరికినట్టు. అదే నటుడు అదే పద్యాన్ని మళ్ళీ మొదటి నుంచి పాడతాడు. ఏ పాదం దగ్గర చేయి లేచిందో, ఏ మాట మీద పక్కకు తిరిగాడో మీకు ఇప్పుడు తెలుసు. మొదటిసారి ముఖం తీసి ఉంటే రెండోసారి ఎదుటి పాత్రను తీయండి. పద్యనాటకంలో ఒకరు పాడుతుంటే ఎదుటివారు నిమిషాల తరబడి విని తీరాలి. మంచి నటుడు ఆ వినడంలోనే నటిస్తాడు. కృష్ణుడు సంధి మాటలు పాడుతుంటే దుర్యోధనుడి వేళ్ళు ఆసనం చేతి మీద ఎలా బిగుసుకుంటున్నాయో, కర్ణుడు ఎటు చూస్తున్నాడో గమనించండి. నాటకం ఫొటోల్లో అందరూ వదిలేసేవి ఇవే, నేను అన్నిటికంటే ఎక్కువగా ఇష్టపడేవీ ఇవే.

మధ్యలో రసికులెవరో వేదిక ఎక్కి నటుడికి శాలువా కప్పడమో, నోటు చేతిలో పెట్టడమో, ఆ పేరు మైకులో చదవడమో జరుగుతుంది. దాన్ని అంతరాయంగా చూడకండి. కిరీటం పెట్టుకున్న నటుడు పాత్ర నుంచి బయటికి వచ్చి రెండు చేతులూ జోడించే ఆ దృశ్యం కూడా పద్యనాటకంలో భాగమే.

వేషమూ రంగులూ

కృష్ణుడి నీలి ముఖం దీపాల వాళ్ళు ఎర్ర వెలుగు వేసినప్పుడు దాదాపు నల్లబడుతుంది. అప్పుడు ఐఎస్ఓ పెంచి లాభం లేదు. వెలుగు మారేవరకు ఆగండి, లేదా ఆ కాసేపు నలుపు తెలుపు చిత్రంగా మార్చుకోవడానికి పనికివచ్చే ఆకారాలను వెతకండి. గాఢమైన ఎరుపు, నీలం వెలుగుల్లో మొత్తం హిస్టోగ్రామ్ (చిత్రంలో వెలుగుచీకట్ల పంపకాన్ని చూపే పటం) బాగున్నట్టు కనిపించినా ఒక్క ఎరుపో నీలమో పొంగిపోయి వివరాలు మాయమవుతాయి. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపే సదుపాయాన్ని పెట్టుకోండి.

అద్దాల ముక్కలూ తళుకులూ అతికించిన కిరీటమూ భుజకీర్తులూ ఆటోఫోకస్‌ను తమ వైపు లాగుతాయి. కంటిని గుర్తుపట్టే ఫోకస్ కూడా పెద్ద మీసాలూ కిరీటమూ ఉన్న ముఖం దగ్గర తడబడవచ్చు. ఒకే బిందువుతో కంటి మీద ఫోకస్ పెట్టడం అలవాటు చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. కిరీటం మీద ఒకటి రెండు మెరుపులు తెల్లగా మాడితే బాధపడవద్దు, ముఖం సరిగ్గా ఉండాలి. చట్రంలో కిరీటం పైభాగం తెగకుండా తల పైన చోటు వదలండి. మామూలు మనిషిని తీసే అలవాటుతో తీస్తే రాజు కిరీటం సగానికి తెగిపోతుంది.

వీధి నాటకం, భారతం

ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాలున్న చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఊళ్ళలో ఎక్కువగా ఎండాకాలంలో పద్దెనిమిది రోజుల భారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథగా భారతం చెబుతారు, రాత్రి ఆ కథనే వీధి నాటకంగా తెల్లవారేదాకా ఆడతారు. ఇక్కడ హాలు నియమాలు చాలావరకు మారిపోతాయి.

మొదట తీయవలసినది తెర. ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టుకున్న గుడ్డ తెర వెనుక పాత్ర వచ్చి నిలబడుతుంది. తెర పైన కిరీటం అంచు, తెర కింద గజ్జెల కాళ్ళు, రెండు పక్కలా తెర పట్టినవారి ముఖాలు కనిపిస్తాయి. ప్రవేశ దరువు (పాత్ర ప్రవేశానికి పాడే పాట) సాగుతున్నంతసేపు పాత్ర తెర వెనుకే అడుగులు వేస్తుంది. మోకాళ్ళ ఎత్తు నుంచి, నేల మీద కూర్చున్న పిల్లల మధ్య కూర్చుని వెడల్పు లెన్స్‌తో తీస్తే గజ్జెలూ కిరీటమూ ఒకే చట్రంలో వస్తాయి. తెర తీసే క్షణాన్ని మద్దెల చెబుతుంది. దరువు వేగం పెరిగి ముక్తాయింపుకు వస్తున్నప్పుడు 1/250కి మార్చుకుని సిద్ధంగా ఉండండి. వెలుగు ఒకటో రెండో ఫ్లడ్ దీపాల నుంచి, ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి దీపం ఉన్న వైపే కూర్చోవాలి. దీపానికి ఎదురుగా కూర్చుంటే లెన్స్‌లో వెలుగు చిందుతుంది. తెల్లవారుజామున వేషం చెదిరి, చెమటకు రంగు కరిగి, ఆకాశం నీలంగా మారుతున్నప్పుడు నటులు ఇంకా పాడుతూనే ఉంటారు. అప్పటికి చాలామంది ఫొటోగ్రాఫర్లు ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు. మీరు వెళ్ళకండి. రెండో బ్యాటరీని ఆ సమయం కోసమే దాచుకోండి.

ఈ ఉత్సవాల్లో భాగమైన అర్జున తపస్సు పగటి పూట జరుగుతుంది. ఎత్తైన తపస్సు మాను మీదికి అర్జున వేషధారి పాడుతూ ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. ఎండలో తెల్లటి ఆకాశం నేపథ్యంగా ఉంటుంది కాబట్టి మీటరు చూపినదానికంటే ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇవ్వకపోతే మనిషి నల్లటి నీడగా వస్తాడు. సూర్యుడు మీ వెనుక ఉండే వైపు ముందే చూసుకుని నిలబడండి. దగ్గరి చిత్రానికి 200 మి.మీ. కావాలి; జనమంతా చేతులు చాచి పైకి చూసే చిత్రానికి దగ్గరలోని మిద్దె ఎక్కవలసి ఉంటుంది, ఆ ఇంటివారిని ముందురోజే అడిగి పెట్టుకోండి. మాను చుట్టూ సంతానం కోరి తడి బట్టలతో సాగిలపడే స్త్రీలు ఉంటారు. వారి ముఖాలు గుర్తుపట్టేలా తీయకూడదు. దూరం నుంచి జనంలో భాగంగా వస్తే అది వేరు, లెన్స్‌ను వారి మీదికి తిప్పడం మాత్రం తప్పు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

దుర్యోధన వధ రోజున నేల మీద మట్టితో చేసిన భారీ విగ్రహం చుట్టూ, దాని మీదా భీమ దుర్యోధన వేషధారులు పరుగులు పెడతారు. దుమ్ము విపరీతంగా లేస్తుంది. అక్కడ లెన్స్ మార్చవద్దు, కెమెరాకు ప్లాస్టిక్ సంచి తొడిగి అద్దం ముందు మాత్రం తెరిచి ఉంచండి. విగ్రహం ఆకారం నేల మీది నుంచి తెలియదు కాబట్టి ఒక చిత్రం తప్పకుండా ఎత్తు నుంచి తీయాలి. తరువాత కిందికి దిగి, తొడ మీద గద పడే చోటికి ఎదురుగా, జనం వెనక్కి జరగడానికి దారి వదిలి నిలబడండి. వేషధారి ఆవేశంలో ఉంటాడు, గద నిజంగానే తిరుగుతుంది. సాయంత్రం అగ్నిగుండం దగ్గర నిర్వాహకులు గీసిన గీత దాటకుండా, నిప్పుల వేడి లెన్స్‌కు తగలనంత దూరం నుంచి పొడవు లెన్స్‌తో తీస్తే సరిపోతుంది.

తీసిన తరువాత

ఆ రాత్రే కార్డులోని ఫైళ్ళను రెండు చోట్ల దాచుకోండి. ఎంపిక మాత్రం ఒకరోజు ఆగి చేయండి, పద్యం ఇంకా చెవుల్లో మోగుతున్నప్పుడు ప్రతి చిత్రమూ బాగున్నట్టే అనిపిస్తుంది. నోరు వంకరగా వచ్చినవి, కళ్ళు సగం మూసినవి, మైకు అడ్డొచ్చినవి తీసేయండి. నటుడు చూస్తే చిన్నబుచ్చుకునే చిత్రం ఎంత బాగున్నా బయట పెట్టవద్దు. సవరణల్లో వెనుక తెర నీలాన్నో, శ్మశానం చీకటినో తెల్లగా మార్చే ప్రయత్నం చేయకండి. చర్మం రంగును మనిషి రంగుకు తేవాలన్న తాపత్రయమూ వద్దు, పసుపు అర్దళం పూసుకున్న ముఖం పసుపుగానే ఉండాలి.

ప్రతి చిత్రానికీ పాత్ర పేరు, నటుడి పేరు, నాటకం, హాలు, తేదీ రాయండి. హార్మోనిస్టు, తబలా వాయించినవారు, వేషాలు వేసిన మేకప్ కళాకారుడు, తెర లాగినవారు కూడా ఆ జాబితాలో ఉండాలి. వారి చిత్రాలు ఎవరూ తీయరు కాబట్టి రంగాల మధ్య విరామంలో ఒక్కొక్కరిని తప్పకుండా తీయండి. సమాజం వారికి ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో పంపితే నాణ్యత పడిపోతుంది, వాల్‌పోస్టరుకు అది పనికిరాదు. పెద్ద పరిమాణంలో ఉన్న ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, ముఖ్య పాత్రధారులకు ఒక్కొక్కటి ప్రింటు వేయించి ఇవ్వండి. వారు మళ్ళీ ఆ ప్రాంతానికి ఏ తేదీన, ఏ నాటకంతో వస్తున్నారో అప్పుడే అడిగి రాసుకోండి.